బేరమాడగల సర్కారును తయారుచేసిన దివాను మొదటి సాలార్‌జంగ్

చేవెళ్ళ: మొయినాబాద్, చేవెళ్ళల మీదుగా పడమటికి సాగిపోయే రోడ్డును మన పెద్దలు ఇప్పటికీ బీజాపూర్ రోడ్డు అనే అంటారు. ఆ రోడ్డుకు అవతలి కొసన ఉన్న బీజాపూరులో 1829 జనవరి 21న ఒక బాలుడు పుట్టాడు. ఇరవై నాలుగేళ్ళు వచ్చేసరికి అతడు హైదరాబాదు సంస్థానానికి దివాను అయ్యాడు. ముప్పై ఏళ్ళపాటు, చివరి శ్వాస వరకూ ఆ పదవిలోనే ఉన్నాడు. ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. చరిత్రలో మొదటి సాలార్‌జంగ్.

సాలార్‌జంగ్ అనగానే మనకు పట్నంలోని మ్యూజియం గుర్తుకు వస్తుంది. అక్కడి గడియారం గంట కొట్టే వేడుక చూపించడానికి పిల్లలను వెంటబెట్టుకుని పోతాం. ఆ వస్తువుల్లో చాలా భాగం కూడబెట్టినవారు ఆయన మనుమడైన మూడవ సాలార్‌జంగ్. ముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మను మాత్రం 1876లో రోము నగరంలో కొన్నది తాతగారే. కాని ఆ తాతగారు మనకు వదిలిపోయిన ఆస్తి మ్యూజియంలో కనిపించదు. అది తహసీలు కచ్చేరీలో కనిపిస్తుంది, జిల్లా అనే మాటలో వినిపిస్తుంది, శంకర్‌పల్లి స్టేషను మీదుగా పోయే రైలు పట్టాల మీద పరచుకొని ఉంది.

రోడ్లు, రైళ్ళు, విమానాశ్రయాలు ప్రైవేటు కంపెనీల పెట్టుబడితో కట్టించడం, ఏళ్ళ తరబడి వాటి రాబడిని ఆ కంపెనీలకు అప్పగించడం కొత్త పద్ధతి అని చాలామంది అనుకుంటారు. మన ప్రాంతంలో ఈ పద్ధతికి నూట నలభై ఏళ్ళ పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో లాభమూ ఉంది, దెబ్బా ఉంది. ఆ రెండింటి నడుమ నిలిచిన మనిషి సాలార్‌జంగ్.

గుత్తకు పోయిన రాజ్యం

సాలార్‌జంగ్ పెద్ద ఇంటి బిడ్డ. మీరాలం చెరువుకు పేరిచ్చిన మీర్ ఆలం, ఆయన తాతగారైన మునీరుల్ముల్క్ ఇద్దరూ దివాన్‌గిరీ చేసినవారే. తండ్రి చిన్నతనంలోనే పోవడంతో పినతండ్రి సిరాజుల్ముల్క్ నీడన పెరిగారు. ఇరవై ఏళ్ళు నిండేలోగానే కొద్ది నెలలు తాలూకాదారుగా పనిచేసి, పన్ను అనేది రైతు ఇంటి నుంచి ఖజానా వరకు ఎలా నడుస్తుందో, దారిలో ఎంత మాయమవుతుందో కళ్ళారా చూశారు.

ఆనాటి పద్ధతి ఇది. సర్కారు తన పన్ను తాను వసూలు చేసుకునేది కాదు. తాలూకాలను గుత్తకు ఇచ్చేది. గుత్తేదారు ముందుగా కొంత సొమ్ము కట్టి, ఆ తరువాత రైతుల దగ్గర తన ఇష్టం వచ్చినంత పిండుకునేవాడు. ఆ ముందు సొమ్ము కూడా అతడి దగ్గర ఉండేది కాదు, సాహుకారు దగ్గర వడ్డీకి తెచ్చేవాడు. సిపాయిల జీతాలు బకాయి పడితే అరబ్బు జమాదారులు, రోహిల్లా జమాదారులు ఏకంగా తాలూకాలనే తాకట్టు పెట్టుకునేవారు. ఎవరి దగ్గర ఎంత బాకీ ఉందో, ఏ తాలూకా ఎవరి చేతిలో ఉందో సర్కారు దగ్గర సరైన లెక్క లేదు. నేటి మాటలో చెప్పాలంటే రాజ్యం మొత్తం ప్రైవేటు కాంట్రాక్టులో ఉంది. ఆ కాంట్రాక్టును చదివి లెక్క అడగగల గుమాస్తా మాత్రం సర్కారు వైపు లేడు.

అంతకు ముందు తరంలో పామర్ కంపెనీ అనే వడ్డీ వ్యాపార సంస్థ నిజాము సర్కారుకు హెచ్చు వడ్డీకి అప్పులిచ్చి, ఆ అప్పు తీర్చడానికి ఉత్తర సర్కారు జిల్లాల మీద నిజాముకు రావలసిన పేష్కషునే 1823లో వదులుకునే స్థితికి తెచ్చింది. అప్పుడు కూడా పాఠం నేర్చుకోలేదు. కంటింజెంటు అనే పటాలం ఖర్చుల బాకీ కింద 1853 మే నెలలో బీరారు జిల్లాలను బ్రిటిషు వారికి అప్పగించవలసి వచ్చింది. ఆ ఒప్పందం జరిగిన కొద్ది రోజులకే సిరాజుల్ముల్క్ చనిపోయారు. ఖాళీ అయిన కుర్చీలో ఇరవై నాలుగేళ్ళ సాలార్‌జంగ్ కూర్చున్నారు. కుర్చీతో పాటు ఆయనకు దక్కినవి ఖాళీ ఖజానా, గుమ్మంలో కాచుకుని ఉన్న బాకీదారులు.

ఖజానా, కచ్చేరీ, కాగితం

కొత్త దివాను మొదట పట్టుకున్నది లెక్కలను. బాకీలను ఒక్కొక్కటిగా విప్పి చూసి, న్యాయమైన వాటికి వాయిదాలు కట్టి, తాకట్టులో ఉన్న తాలూకాలను విడిపించుకుంటూ వచ్చారు. గుత్తేదారుల స్థానంలో నెల జీతం మీద పనిచేసే తాలూకాదారులను పెట్టారు. ఊరికో తీరుగా చెలామణి అవుతున్న నాణేలను అదుపుచేసి, హాలీ సిక్కాను రాజ్యమంతటా నడిపించారు. రూపాయి విలువ ఊరూరా మారిపోతే ఏ లెక్కా నిలవదని ఆయనకు తెలుసు.

1857లో ఉత్తరాదిన తిరుగుబాటు చెలరేగినప్పుడు ఆయన బ్రిటిషు వారి పక్షాన నిలిచారు. ఆ జూలైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వంలో జనం కోఠీలోని రెసిడెన్సీ మీదికి పోయినప్పుడు దానిని అణచివేశారు. ఇందుకు ఆయనను ఆనాడూ తిట్టినవారున్నారు, నేడూ తప్పుపట్టేవారున్నారు. 1859లో ఒకసారి, 1868లో మరోసారి ఆయన ప్రాణం తీయడానికి ప్రయత్నాలు జరిగాయి. రెండుసార్లూ తప్పించుకున్నారు. 1860 ఒప్పందంలో రాయచూరు అంతర్వేది, ధారాశివ్ ప్రాంతాలు తిరిగి వచ్చాయి, యాభై లక్షల బాకీ మాఫీ అయింది. బీరారు మాత్రం రాలేదు.

1864లో మాల్గుజారీ వ్యవహారాలకు ఒక మజ్లిసును, అంటే బోర్డును నెలకొల్పారు. 1865లో జిలాబందీ చేశారు. రాజ్యాన్ని జిల్లాలుగా, తాలూకాలుగా విడగొట్టి, జిల్లాకు ఒక అవ్వల్ తాలూకాదారును, తాలూకాకు ఒక తహసీల్దారును నియమించారు. పోలీసు, న్యాయం, వైద్యం, విద్య, రోడ్లు, చెరువుల పనులకు వేరు వేరు శాఖలు ఏర్పడ్డాయి. 1868లో శాఖల మీద సదరుల్‌మహాములు అనే పెద్ద అధికారులు వచ్చారు. పంటలో పాలు పంచుకునే బటాయీ పద్ధతి పోయి, భూమికి ఇంత అని నగదు శిస్తు కట్టే పద్ధతి మెల్లమెల్లగా పాదుకుంది.

ఇదంతా నడపడానికి చదువుకున్న మనుషులు కావాలి. 1850లలోనే దారుల్ ఉలూమ్ అనే పాఠశాలను తెరిపించారు. ఇంజనీరింగు నేర్పే బడి కూడా పెట్టించారు. ఆ బడుల నుంచి మనుషులు తయారయ్యేలోగా పని ఆగకూడదని ఉత్తరాది నుంచి చేయి తిరిగిన అధికారులను పిలిపించారు. సయ్యద్ హుస్సేన్ బిల్గ్రామీ, మెహదీ అలీ వంటి వారు అలా వచ్చినవారే. పని బాగుపడింది. దానితో పాటు బయటివాడు వచ్చి మన నౌకరీ తన్నుకుపోయాడన్న ముల్కీ గొడవకు బీజం కూడా అక్కడే పడింది. ఆ గొడవ తరువాతి వందేళ్ళలో ఎన్ని రూపాలు ఎత్తిందో తెలంగాణ వారికి చెప్పనక్కరలేదు.

మరో లోటు ఊళ్ళలో మిగిలింది. పన్ను వసూలు చేసే హక్కు పోయిన దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలకు ఏటా రుసుము అనే నగదు ముట్టచెప్పారు. తరువాత భూములు కొలిచి పేర్లు రాసేటప్పుడు వారిలో చాలామంది మంచి భూములను తమ పేర్ల మీద రాయించుకున్నారు. కాగితం లేని రైతు తన చెలకలోనే కౌలుదారుగా మారాడు. పైన సర్కారు చక్కబడినంత వేగంగా కింద ఊరు చక్కబడలేదు.

ఇంకొక సంగతి. దివాను మాట చెల్లింది దివానీ ఇలాకాలోనే. నిజాము సొంత ఖర్చుల కోసం ఉంచుకున్న సర్ఫెఖాస్ భూములు, పాయిగా అమీరుల ఇలాకాలు, జాగీర్లు ఆయన చేతికి అందలేదు. పట్నం చుట్టుపట్ల ఉన్న మన ప్రాంతంలో అటువంటి భూములే ఎక్కువ. అవన్నీ ఒకే పాలన కిందికి రావడానికి 1949 దాకా ఆగవలసి వచ్చింది.

శంకర్‌పల్లి మీదుగా రైలు

బొంబాయి నుంచి బయలుదేరిన రైలు మార్గం 1871 నాటికి వాడీ దాకా వచ్చింది. సికింద్రాబాదులో పెద్ద దండు ఉంది కనుక అక్కడికి ఒక కొమ్మ లైను కావాలని బ్రిటిషు వారు పట్టుబట్టారు. నిజాము అఫ్జలుద్దౌలా కాలంలో ఆ మాట ముందుకు సాగలేదు. 1869లో ఆయన చనిపోగా, ఇంకా మూడేళ్ళు నిండని మహబూబ్ అలీ ఖాన్ గద్దెనెక్కారు. సాలార్‌జంగ్, పాయిగా వంశపు అమీరె కబీరు కలిసి రాజ్యభారం వహించారు. 1870లో రైలు ఒప్పందం కుదిరింది.

ఆ ఒప్పందంలో పెట్టుబడి సమకూర్చే భారం నిజాము సర్కారుది. కట్టే ఇంజనీర్లు, నడిపే పెత్తనం బ్రిటిషు ఇండియా వైపు వారివి. 1874 అక్టోబరులో తాండూరు, వికారాబాదు, శంకర్‌పల్లి, లింగంపల్లి మీదుగా వాడీ నుంచి సికింద్రాబాదుకు రైలు నడిచింది. దానితో మన వైపు రైతుకు పట్నం దగ్గరైంది, బొంబాయి బజారు కూడా అందుబాటులోకి వచ్చింది. కాని పెట్టుబడి మీద వడ్డీ భారం ఖజానాను ఏళ్ళ తరబడి పీడించింది. డబ్బు ఒకరిది, పెత్తనం మరొకరిది అయినప్పుడు ఖర్చు తగ్గించాలన్న తొందర ఎవరికీ ఉండదు. సాలార్‌జంగ్ ఇరవై ఏళ్ళు కష్టపడి చక్కదిద్దిన లెక్కల పుస్తకంలో ఆయన పూర్తిగా అదుపు చేయలేని పద్దు ఇదే.

1876లో ఆయన ఇంగ్లండు వెళ్ళారు. దారిలో పారిస్ నగరంలో జారిపడి తొడ ఎముక విరిగింది. అయినా ప్రయాణం మానలేదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం గౌరవ పట్టం ఇచ్చింది, లండన్ నగరం సన్మానించింది. ఆయన మనసులో ఉన్నది మాత్రం బీరారు. దాన్ని తిరిగి ఇవ్వమని అడిగి చూశారు. సన్మానాలు చేసినవారు బీరారును ఇవ్వలేదు. ఎదుటివాడు బలవంతుడైనప్పుడు మన దగ్గర ఎంత చక్కటి కాగితం ఉన్నా బేరం ఎక్కడ ఆగుతుందో ఆయనకు అక్కడ బాగా తెలిసివచ్చి ఉండాలి.

ఆయన పోయిన ఏడాది

సికింద్రాబాదు దగ్గర ఆగిన రైలును వరంగల్ మీదుగా బెజవాడకు, మరోవైపు చాందాకు పొడిగించాలన్న ఆలోచన 1880 తరువాత బలపడింది. ఈసారి సొమ్ము లండన్ పెట్టుబడిదారుల నుంచి తేవాలని సంప్రదింపులు మొదలయ్యాయి. అవి తెగకముందే, 1883 ఫిబ్రవరి 8న కలరా సోకి సాలార్‌జంగ్ హఠాత్తుగా చనిపోయారు. అప్పటికి ఆయన వయసు యాభై నాలుగు. పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో ఆయనను ఖననం చేశారు.

దివాను లేడు. బాల నిజాముకు ఇంకా అధికారం రాలేదు. రైలు షరతులు ఏమిటో జనానికి తెలియదు. ఆ వేసవిలో పట్నంలో చదువుకున్నవారు కొందరు ఒక్కటై, చాందా రైలు పథకం వివరాలు బయటపెట్టి చర్చ జరపాలని కోరారు. వారిలో ముఖ్యుడు విద్యాధికారి అఘోరనాథ చట్టోపాధ్యాయ. సరోజినీ నాయుడు తండ్రి ఆయనే. వివరాలు బయటికి రాలేదు. 1883 మే నెలలో అఘోరనాథునే రాజ్యం నుంచి వెళ్ళగొట్టారు. ఒక కాంట్రాక్టు షరతులు చూపించండని అడిగినందుకు శిక్ష పడిన మొదటివారిలో ఒకరుగా ఆయన పేరు మన చరిత్రలో నిలిచింది.

1883 డిసెంబరులో ఒప్పందం అయింది. నిజాంస్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అనే కంపెనీ ఏర్పడింది. పాత వాడీ లైనును కూడా దానికే అప్పగించారు. కంపెనీ పెట్టుబడి మీద ఇరవై ఏళ్ళపాటు ఏటా నూటికి అయిదు వంతున వడ్డీకి నిజాము సర్కారు పూచీ పడింది. గ్యారంటీ అంటే ఏమిటో ఒక చిన్న లెక్కతో చూద్దాం. కంపెనీ నూరు రూపాయలు పెట్టింది అనుకోండి. ఏడాదికి రైలు రెండు రూపాయలే మిగిల్చితే, తక్కువ పడిన మూడు రూపాయలను సర్కారు తన ఖజానా నుంచి కట్టాలి. నష్టం సర్కారుకు, నికరమైన రాబడి కంపెనీకి. ఈ పద్ధతి హైదరాబాదులో పుట్టింది కాదు. 1849 నుంచీ ఈస్టిండియా కంపెనీ ఇదే షరతు మీద బ్రిటిషు ఇండియా రైళ్ళను కట్టించింది. ఖర్చు పెరిగినా వడ్డీ తప్పదు కనుక కంపెనీలు దుబారాకు వెనుదీయడం లేదన్న విమర్శ అక్కడ అప్పటికే వచ్చింది.

పని మాత్రం జరిగింది. 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు రైలు చేరింది. మొదటి ఏళ్ళలో తక్కువ పడిన సొమ్ము ఖజానాయే కట్టింది. లైను నిలదొక్కుకుని లాభాలు తెచ్చిన తరువాత 1930 ఏప్రిల్ 1న సర్కారు దానిని కొనుక్కుంది.

గని విషయంలో మరింత చేదు అనుభవం. సింగరేణి బొగ్గు, ఇతర ఖనిజాల హక్కును 1886 జనవరిలో 99 ఏళ్ళకు లండన్ వ్యాపారులకు ఇచ్చారు. హక్కు సంపాదించినవారు సొంత సొమ్ము పెట్టకుండానే కొత్త కంపెనీలో లక్షల పౌన్ల విలువైన షేర్లు తమ పేర రాసుకున్నారు. నిజాము సర్కారు తరఫున బేరం నడిపిన అబ్దుల్ హక్ అనే అధికారికి కూడా అందులో లాభం ముట్టిందని తేలింది. 1888లో బ్రిటిషు పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది. ఆ అధికారి కొలువు పోయింది. రైలు బేరంలో సర్కారు తరఫున లండన్‌లో తిరిగిన మనిషి కూడా ఆయనే.

ఇందులో సాలార్‌జంగ్ తప్పు ఏమిటని అడిగితే జవాబు సులభం కాదు. బొగ్గు ఒప్పందం నాటికి ఆయన లేరు. అయినా ఒక లోటు ఆయన కాలం నుంచే వచ్చింది. ముప్పై ఏళ్ళు పెద్ద బేరాలన్నీ ఆయన గదిలో, ఆయన నమ్మిన ఇద్దరు ముగ్గురి నడుమనే నడిచాయి. తహసీల్దారు లెక్క చూడడానికి పై అధికారి ఉండేవాడు. లండన్‌లో సంతకం చేసే మనిషి లెక్క చూడడానికి ఒక శాఖ లేదు, షరతులు జనం ముందు పెట్టే అలవాటు లేదు. దివాను కన్ను మూయగానే ఆ కన్ను పనిచేసే మరొక ఏర్పాటు మిగలలేదు.

మనకు మిగిలినది

నేడు మన చుట్టూ చూస్తే ఇటువంటి బేరాలు ఎన్నో కనిపిస్తాయి. శంషాబాద్ విమానాశ్రయం ప్రైవేటు కంపెనీ భాగస్వామ్యంతో 2008లో మొదలైంది. మొయినాబాద్ వారు పట్నం పోతూ దాటే 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు టోలు వసూలు హక్కును 2023లో రూ. 7,380 కోట్లకు ముప్పై ఏళ్ళపాటు ఒక కంపెనీకి ఇచ్చారు. ఆ ధర సరైనదా కాదా అని పార్టీల మధ్య పెద్ద వాదన నడిచింది. 2017లో నడక మొదలుపెట్టిన మెట్రో రైలును కట్టిన కంపెనీ నష్టాల వల్ల తప్పుకోదలచగా, దానిని సర్కారే తీసుకోవడానికి అంగీకారం కుదిరిందని 2025 సెప్టెంబరులో ప్రకటించారు. ఆనాటి ప్రశ్నలే మళ్ళీ ముందుకు వస్తున్నాయి. రాబడి అంచనా ఎవరు వేశారు? అంచనా తప్పితే నష్టం ఎవరిది? కాగితం చదివిన అధికారి బదిలీ అయితే ఆ తరువాత చదివేవారు ఎవరు?

పని ఆలస్యమైనా ప్రజలే నష్టపోతారు. బీజాపూర్ రోడ్డు వెడల్పు పని మర్రిచెట్ల వివాదంతో, ఇతర చిక్కులతో ఏళ్ళ తరబడి నానింది. చెట్లూ మనవే, ప్రాణాలూ మనవే. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర బస్సును టిప్పరు ఢీకొని అంతమంది పోయినప్పుడు చేవెళ్ళ ఆసుపత్రి దగ్గర విన్న ఏడుపు ఇంకా మన చెవుల్లోనే ఉంది. చెట్ల లెక్క, భూమి లెక్క, ఖర్చు లెక్క మొదటే సరిగా తేల్చగల యంత్రాంగం ఉంటే ఇటువంటి పనులు ఇన్నేళ్ళు నానవు.

సాలార్‌జంగ్ చేసినదంతా సరైనదని ఎవరూ అనరు. కాని పరాయి చేతిలో తాకట్టుపడిన రాజ్యాన్ని విడిపించి, జీతం మీద బతికే అధికారిని, లెక్కకు నిలిచే ఖజానాను, ఊరికీ పట్నానికీ మధ్య ఒక కచ్చేరీని ఏర్పాటు చేసిన ఘనత ఆయనది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. అయినా తహసీల్దారు, జమాబందీ, పహాణీ అనే మాటలు మన నోట నుంచి పోలేదు. ఆయన పూర్తిచేయకుండా మిగిల్చిన పని ఒకటుంది. అఘోరనాథుడు అడిగిన పని అది. పెద్ద ఒప్పందం మీద సంతకం పడకముందే దాని షరతులను, అది తాకే ఊళ్ళ జనానికి అర్థమయ్యే మాటల్లో వారి ముందు పెట్టడం. శంకర్‌పల్లిలో రైలు కోసం నిలబడినప్పుడు, రింగు రోడ్డు మీద టోలు కట్టినప్పుడు, ఆ దివానునూ ఆ పంతులునూ ఇద్దరినీ కలిపి తలచుకోవడం న్యాయం.